అమ్మ తర్వాత తమ్ముడు నా దగ్గరే: ఇంట్లో ఈ మాట ఎలా ఎత్తాలి?

కావలి_అక్క:
మాది కావలి. నాకు 36, తమ్ముడికి 31. వాడికి సెరిబ్రల్ పాల్సీ, దాంతోపాటు బుద్ధిమాంద్యం. వీల్‌చెయిర్‌లోనే ఉంటాడు. స్నానం, గడ్డం ఎవరో ఒకరు చెయ్యాల్సిందే. అన్నం మాత్రం తనే తింటాడు, చేపల పులుసైతే ముళ్లు తీసి పెట్టాలి. నాన్న మూడేళ్ల క్రితం పోయారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. మా అత్తగారిల్లు ఒంగోలు. ఆదివారం బస్సెక్కి వెళ్లి, వాడికి గడ్డం గీసి, రాత్రికి తిరిగొస్తాను.

నేను అడిగేది పింఛను గురించి కాదు. నెలకు 6,000 వస్తోంది, అమ్మ చూసుకుంటోంది. మొన్న ఒక పెళ్లిలో పెదనాన్న అందరి ముందూ "ఇంకేముందమ్మాయ్, రేపు వాడికి నువ్వేగా" అన్నారు. మా ఆయన ముఖం చూశాను. ఆయన కాఫీ గ్లాసులోకి చూస్తున్నారు.

అమ్మ దగ్గర ఎత్తితే "అప్పుడే నన్ను సాగనంపుతున్నావా" అని ఏడుస్తుంది. ఏటా మొహర్రంకి నెల్లూరు రొట్టెల పండక్కి వెళ్లి, స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్యం రొట్టె పట్టుకుంటుంది. కోరిక తీరినవాళ్లు మరుసటేడు వచ్చి రొట్టె ఇవ్వాలి కదా. నేను పెళ్లి రొట్టె పట్టుకున్నాను, ఏడాది తిరిగేసరికి వెళ్లి ఇచ్చేశాను. అమ్మ ఇప్పటిదాకా పట్టుకోవడమే.

ఒక్కోసారి కోపం వస్తుంది, ఎవరి మీదో తెలీదు. పదో తరగతిలో నేను స్కూల్ ఫస్ట్ వచ్చిన రోజే వాడికి ఫిట్స్ వచ్చాయి. నా మార్కుల కాగితం ఎవరూ చూడలేదు. ఇరవై ఏళ్లు దాటినా అది మనసులోంచి పోలేదు. ఈ మాట ఇలాంటి పిల్లల అమ్మానాన్నల మీటింగుల్లో చెప్పలేం. మీలో నాలాంటి అక్కలు, అన్నలు ఉంటే చెప్పండి.

పెన్నా_ఒడ్డు:
మాది నెల్లూరే. చెల్లికి డౌన్ సిండ్రోమ్. నా పెళ్లిచూపుల రోజు దాన్ని పక్కింట్లో కూర్చోబెట్టారు, నేనూ నోరెత్తలేదు. మీ మార్కుల కాగితం దీనిముందు ఏపాటిదమ్మా.

ఇక మీ అమ్మగారి సంగతి. మీ తమ్ముడిలాంటివాళ్లకు 18 నిండాక చట్టం ప్రకారం కన్నతల్లి కూడా తనంతట తానే గార్డియన్ కాదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టర్ ఉండే లోకల్ లెవల్ కమిటీకి దరఖాస్తు పెట్టాలి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు దీనికిందికి వస్తాయి. మా అమ్మతో నేను "నువ్వు పోయాక" అనే మాటే అనలేదు. "చెల్లి పేరు మీద డబ్బు వెయ్యాలంటే ఈ కాగితం ఉండాలంట, సంతకం పెట్టు" అన్నాను. ఫారం నింపుతుంటే ఆవిడే కళ్లజోడు తీసి, "నేను పోతే ఇక్కడ ఎవరి పేరు రాస్తార్రా?" అంది. అట్లా మొదలైంది. ఆ రోజు అన్నం తినేసరికి మూడయింది.

నెల్లూరు సి.ఆర్.సి.లో, అంటే వికలాంగుల పునరావాస కేంద్రంలో, థెరపీకి తీసుకెళ్తూ వరండాలో పరిచయమైనవాళ్లం ముగ్గురం ఉన్నాం. రెండో ఆదివారం టీ తాగుతాం. మీరూ రండి.

కనిగిరి_కుర్రోడు:
కొంచెం ఘాటుగా చెప్తా, తప్పుగా అనుకోకండి అక్కా. మా అన్నకి ఆటిజం. నేను బెంగళూరులో ఉంటా. "వాణ్ని నా ఇంట్లో పెట్టుకోలేను, ఖర్చంతా నాది" అని అమ్మానాన్నలకి మొహం మీదే చెప్పేశాను. ఆరు నెలలు మాట్లాడలేదు. ఇప్పుడు మా చిన్నత్త ఉన్న వీధిలోనే ఇల్లు చూస్తున్నారు. చూసుకోవడం అంటే ఒకే కప్పు కింద ఉండటమేనా? డబ్బు విషయంలో ఒకటి, మీ మీద ఆధారపడిన తోబుట్టువుకి కూడా పన్ను లెక్కించే ఆదాయంలోంచి 75,000 మినహాయింపు ఉంది, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000. పాత పన్ను విధానంలో ఉంటేనే. చాలామందికి తెలీదు.

ఇంకోటి, మీ ఆయన గ్లాసులోకి చూస్తే అది "వద్దు" అని మీరే రాసేసుకున్నారు. అడిగారా?

కావలి_అక్క:
నిన్న రాత్రి అడిగాను. "మన బాత్రూం దగ్గర మెట్టు ఉందిగా, వాడి కుర్చీ ఎట్లా ఎక్కుతుందా అని ఆలోచిస్తున్నా ఆరోజు" అన్నారు. ఫోన్ చూసుకుంటూ అన్నారు, నమ్మాలో వద్దో తెలీలేదు. పొద్దున లేచి వెళ్లి చూశాను. మెట్టు జానెడు ఎత్తుంది.

పెన్నా_ఒడ్డు గారూ, రెండో ఆదివారం వస్తాను. తమ్ముణ్ని తీసుకురానా?

పెన్నా_ఒడ్డు:
వద్దమ్మా. మేమూ ఎవరినీ తీసుకురాం. ఆ రెండు గంటలూ మనవే.

కావలి_అక్క:
సరే. గడ్డం శనివారమే గీసేస్తాను. అమ్మకి ఏం చెప్పాలో మాత్రం ఇంకా అనుకోలేదు.