‘పొత్తికడుపులో నీరు’: పట్టిందా, ఉందా?

టెక్కలి నుంచి ఒక చెల్లి అడిగింది: “మా వదినకి పొత్తికడుపు నొప్పి అని స్కాన్ తీస్తే ‘మినిమల్ ఫ్రీ ఫ్లూయిడ్ ఇన్ పీఓడీ’ అని రాశారు. అమ్మేమో ‘కడుపుల నీరు పట్టీసిందట, సూది పెట్టి తీయించీయాల’ అని ఏడుస్తోంది. దీన్ని తెలుగులో ఏమనాలి?”

చెల్లీ, మీ అమ్మ భయమంతా ‘పట్టింది’లోనే ఉంది. మన వైపు కాళ్లకి నీరు పట్టిందంటే కిడ్నీయో గుండెనో అనుకుంటాం. కడుపుకి పట్టిందంటే జలోదరం. లివర్ చెడి పొట్ట ఉబ్బినవాళ్లకి సూదితో నీరు తీయడం అందరూ చూసిందే. మీ వదిన రిపోర్టులో ఉన్నది వేరే మాట. పీఓడీ (పౌచ్ ఆఫ్ డగ్లస్) అంటే గర్భసంచికీ పెద్దపేగు చివరి భాగానికీ మధ్యనున్న సందు. స్కాట్లాండ్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త జేమ్స్ డగ్లస్ (1675–1742) పేరు పెట్టారు. కడుపులో అన్నిటికంటే పల్లపు చోటు కాబట్టి ఏ ద్రవమైనా అక్కడికే జారుతుంది. ‘ఫ్రీ’ అంటే ఏ తిత్తిలోనూ మూసుకుని లేనిది. అండం విడుదలయ్యే రోజుల్లో ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లకీ అక్కడ కొద్దిగా కనిపిస్తుంది, దానికి మందే అక్కర్లేదు.

నాకు ‘నీరు’ కూడా నచ్చదు. అది రక్తం కావచ్చు, చీము కావచ్చు. ఒక్క స్కాన్‌తో అన్నిసార్లూ తేలదు. ‘ద్రవం’ అంటే ఆ తలుపు తెరిచి ఉంచినట్టు. వైద్యం కూడా ద్రవానికి కాదు, కారణానికి. గర్భసంచికో ట్యూబులకో ఇన్ఫెక్షనైతే సాధారణంగా 14 రోజుల యాంటీబయాటిక్స్, భర్తకీ మందులు. చీముగడ్డ కట్టి మందులకి లొంగకపోతే గొట్టం వేసి తీస్తారు. అండాశయంలో నీటితిత్తి పగిలితే చాలామందికి నొప్పి మాత్రలూ విశ్రాంతీ సరిపోతాయి. రక్తం ఆగకపోతే లాప్రోస్కోపీ, అంటే చిన్న కోతలతో కెమెరా పెట్టి చేసే ఆపరేషన్. ట్యూబులో గర్భం నిలిస్తే ఆ గర్భం పెరగకుండా ఆపే మెథోట్రెక్సేట్ ఇంజక్షనో ఆపరేషనో.

“మరి అమ్మకి ఎలా చెప్పను అక్కా?”

‘గర్భసంచి ఎనకాల కూసింత ద్రవం ఉందట, ఎందుకో డాక్టరమ్మ చూస్తున్నాది’ అను. అంతకన్నా ముందు వదినని నెల తప్పిందా అని అడుగు. తప్పితే ఈరోజే గర్భ పరీక్ష చేయించి డాక్టరుకి చూపించండి. నొప్పి పెరిగినా, కళ్లు తిరిగినా, భుజం నొప్పి పుట్టినా, జ్వరం వచ్చినా ఇక్కడ జవాబుల కోసం ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.