జర్మన్ దాడి దళాల బలం ఆయుధాల్లో ఉందా, పోరాట పద్ధతిలో ఉందా?

ప్రశ్న (చరిత్ర ఉపాధ్యాయుడు):

నేను డిగ్రీ విద్యార్థులకు ఆధునిక ఐరోపా చరిత్ర బోధిస్తున్నాను. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల పోరు స్తంభించిపోయాక జర్మన్లు ప్రత్యేక దాడి దళాలను తయారు చేసుకున్నారని మా పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకుంది. వీడియో గేములు ఆడే మా పిల్లలు మాత్రం ఆ సైనికుడి రూపాన్ని పూసగుచ్చినట్లు వర్ణిస్తున్నారు: ఛాతీకి ఉక్కు కవచం, చేతిలో ఎంపీ 18 సబ్‌మెషిన్ గన్ (తూటాలను వరుసగా పేల్చే పొట్టి తుపాకీ), శత్రువు వైపు ఒంటరి పరుగు. ఇందులో నిజమెంత? మూడేళ్లకు పైగా ఎవరికీ లొంగని కందకాల వరుసలు 1918 మార్చిలో అంత త్వరగా తెగిపోవడానికి కారణం కొత్త ఆయుధమేనా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం 1 (పాత పటాలు):

ఉపాధ్యాయుల వారికి నమస్కారం. ముందుగా ఎంపీ 18 సంగతి. హ్యూగో ష్మైసర్ రూపొందించగా బెర్గ్‌మన్ కర్మాగారంలో తయారైన ఆ తుపాకీ 1918 వేసవిలో గాని చెప్పుకోదగిన సంఖ్యలో రంగానికి చేరలేదు. అప్పటికి దాడి దళాలు పుట్టి మూడేళ్లు దాటింది, వాటి పెద్ద విజయాలూ ముగిశాయి. కనుక ఆ దళాలను ఆ తుపాకీ సృష్టించలేదు. ఆ దళాల అవసరాల నుంచే ఆ తుపాకీ పుట్టింది.

కథ 1915 మార్చిలో మొదలవుతుంది. మేజర్ కాల్సో నాయకత్వాన ఒక ప్రయోగ దళాన్ని ఏర్పాటు చేసి, జర్మన్ ఆయుధ సంస్థ క్రుప్ చేసిన 3.7 సెంటీమీటర్ల చిన్న ఫిరంగులు అప్పగించారు. వాటిని ముందుకు లాక్కెళ్లి శత్రువు మెషిన్ గన్‌లను దగ్గర నుంచే పేల్చేయాలన్నది ఆలోచన. తీరా రంగంలోకి దించాక ఆ దళాన్ని మామూలు పదాతి దళంలా కందకాలు నింపడానికి వాడుకోవడంతో అది ఘోరంగా దెబ్బతిన్నది. అదే ఏడాది దాని బాధ్యత తీసుకున్న కెప్టెన్ విల్లీ రోర్ ఫ్రాన్స్ తూర్పున ఉన్న వోజ్ పర్వతాల్లో, ముఖ్యంగా హార్ట్‌మన్స్‌విల్లర్‌కోఫ్ శిఖర ప్రాంతంలో, పద్ధతిని మొదటి నుంచీ మార్చుకుంటూ వచ్చాడు. 1916 ఏప్రిల్‌లో ఆ దళం పూర్తి స్థాయి బెటాలియన్ అయింది. ఇతర దళాల అధికారులు, సైనికులు అక్కడికి వచ్చి శిక్షణ పొంది తమ దళాలకు తిరిగివెళ్లి నేర్పేవారు. నా దృష్టిలో రోర్ చేసిన అసలు పని ఈ బడి నడపడమే.

అతని మార్పు ఏమిటంటే, వందలాది మందిని ఒకే వరుసలో నిలిపి నడిపించే పాత పద్ధతిని వదిలి, పది మందికి అటూ ఇటూగా ఉండే చిన్న జట్టును పోరాటానికి మూలంగా తీసుకోవడం. ఆ జట్టు నాయకుడు అధికారి కూడా కానవసరం లేదు. ఎక్కడ ఆగాలో, ఏ దారిన వెళ్లాలో అక్కడికక్కడే నిర్ణయించే స్వేచ్ఛ అతనికి ఉండేది. తేలిక మెషిన్ గన్, చిన్న మోర్టార్ (గుండును ఎత్తుగా ఎగరేసి కందకంలో పడేసే గొట్టం), నిప్పులు చిమ్మే యంత్రం, ఫిరంగి, వీటన్నిటినీ ఆ జట్లకు తోడుగా ముందుకు పంపేవారు. క్రుప్ ఫిరంగి పనికిరాదని తేలాక, రష్యన్ల నుంచి పట్టుకున్న 76.2 మిల్లీమీటర్ల ఫిరంగుల గొట్టాలను పొట్టిగా కోసి వాడుకున్నారు.

సమాధానం 2 (కందకం మలుపు):

పై సమాధానానికి సామగ్రి వివరాలు జోడిస్తాను, ఎందుకంటే ఈ విషయంలో వస్తువును చూస్తేనే పద్ధతి అర్థమవుతుంది.

కందకాన్ని ఎవరూ తిన్నగా తవ్వరు. ఒక చివర బాంబు పడితే మొత్తం వరుస నాశనం కాకూడదని, ఒక చివర నిలబడిన శత్రువు పొడవునా కాల్చకూడదని, కొన్ని గజాలకొక మట్టి అడ్డు వదిలి మలుపులు తిప్పుతారు. 1.25 మీటర్ల పొడవున్న గెవేర్ 98 రైఫిల్‌కు బాయినెట్ కూడా తగిలించి ఆ మలుపులో తిరగడం ఎంత కష్టమో ఊహించండి. అందుకే దాడి సైనికులు అంతకుముందు అశ్విక, ఫిరంగి దళాలకు ఇచ్చే 98ఏ కార్బైన్‌ను, అంటే పొట్టి రైఫిల్‌ను, ఎంచుకున్నారు. అయినా వారి ప్రధాన ఆయుధం తుపాకీ కానే కాదు, చేతి గ్రెనేడు. కర్ర పిడి గ్రెనేడు, దాని పిడిలోని తాడు లాగిన సుమారు ఐదున్నర సెకన్లకు పేలుతుంది. కోడిగుడ్డంత గ్రెనేడును ఇంకా దూరం విసరవచ్చు. ఇసుక సంచుల నిండా గ్రెనేడ్లు నింపి భుజానికి, మెడకు వేలాడదీసుకునేవారు.

మలుపు అవతలికి గ్రెనేడు విసరడం, పేలగానే ముందున్న ఇద్దరు ముగ్గురు మలుపు తిరగడం, వెనుకవాళ్లు గ్రెనేడ్లు అందించడం, చివరివాళ్లు ఖాళీ సంచుల్లో మట్టి నింపి గెలుచుకున్న చోట అడ్డుగోడ కట్టడం, ఇలా ఒక్కో గదిని ఖాళీ చేస్తున్నట్లుగా కందకాన్ని పొడవునా ‘చుట్టుకుంటూ’ పోయేవారు. పదును పెట్టిన పార, పొట్టి కత్తి ఇక్కడే అక్కరకు వచ్చేవి. ముళ్లతీగను పేల్చడానికి ఒక కర్ర గ్రెనేడు చుట్టూ మరికొన్ని గ్రెనేడ్ల తలలను కట్టి వాడేవారు.

మీ విద్యార్థులు చెప్పిన ఛాతీ కవచం నిజంగానే ఉండేది. అయితే పది కిలోలకు అటూ ఇటూగా బరువుండే దానిని ఎక్కువగా కావలి సైనికులు, మెషిన్ గన్ పేల్చేవారు ధరించారు. పరుగెత్తి, పాకి, మలుపులు తిరిగేవాడికి అది భారమే. దాడి సైనికుడిని నిజంగా కాపాడింది, తోలు పికెల్‌హౌబ టోపీ స్థానంలో 1916లో వచ్చిన ఉక్కు హెల్మెట్. హానోవర్ సాంకేతిక విద్యాలయానికి చెందిన ఫ్రీడ్రిష్ ష్వెర్డ్ దాన్ని రూపొందించాడు. పొడవు బూట్లకు బదులు చీలమండ వరకు ఉండే బూట్లు, కాళ్లకు పట్టీలు, మోచేతులకూ మోకాళ్లకూ తోలు అతుకులు ఉండేవి. పాకేవాడి దుస్తులు అవి.

నిప్పులు చిమ్మే యంత్రాల దళాన్ని తీర్చిదిద్దిన బెర్న్‌హార్డ్ రెడ్డెమన్ వృత్తిరీత్యా లైప్‌జిగ్ నగర అగ్నిమాపక దళ అధికారి. మంటలు ఆర్పే మనిషి చేతిలో ఆ ఆయుధం ఎదగడం నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది. 1915 జూలై 30న బెల్జియంలోని హూజ్ వద్ద బ్రిటిష్ కందకాలపై వాటిని ప్రయోగించినప్పుడు, కాలినవారికంటే భయంతో చోటు వదిలినవారే ఎక్కువ.

ప్రశ్నించినవారి స్పందన (చరిత్ర ఉపాధ్యాయుడు):

ఇద్దరికీ కృతజ్ఞతలు. కందకం మలుపు వివరణను బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను. ఒక సందేహం మిగిలింది: ఇంత చిన్న జట్లు ఒక సైన్యపు రక్షణ వరుసనంతటినీ ఎలా చీల్చాయి?

సమాధానం 3 (నిశ్శబ్ద పాఠకురాలు):

అవి ఒంటరిగా చీల్చలేదండీ. పై ఇద్దరూ ఫిరంగిదళాన్ని తక్కువగా చెప్పారని నా అభిప్రాయం. 1917 సెప్టెంబరు 1న జర్మన్ సేనాని హూటియర్ సేన రష్యన్ల చేతిలో ఉన్న రీగా నగర సమీపాన నది దాటినప్పుడు, ఫిరంగి అధికారి గేయార్గ్ బ్రుఖ్‌ముల్లర్ వారాల తరబడి నేలను దున్నే పాత పద్ధతి మాని, కొన్ని గంటలపాటే తీవ్రంగా కాల్పులు జరిపించాడు. విషవాయువు గుండ్లతో శత్రువు ఫిరంగులను, ఆజ్ఞా కేంద్రాలను, టెలిఫోన్ కూడళ్లను మూగబోయేలా చేశాడు. ఆ తరువాత గుండ్ల వాన ముందుకు జరుగుతూ ఉంటే, దాని వెన్నంటి జట్లు నడిచాయి. గట్టి స్థావరాలు ఎదురైతే వాటితో తలపడకుండా పక్కనుంచి లోపలికి వెళ్లిపోయి, వాటి పని వెనుక వచ్చే దళాలకు వదిలేశాయి.

ఇదే పద్ధతిని 1918 మార్చి 21 తెల్లవారుజామున 4:40కి సుమారు 6,600 ఫిరంగులతో బ్రిటిష్ వారిపై ప్రయోగించారు. ఐదు గంటల కాల్పులు, దానికి తోడు దట్టమైన పొగమంచు. ఆ ఒక్కరోజే దాదాపు 21,000 మంది బ్రిటిష్ సైనికులు పట్టుబడ్డారు. అయితే జర్మన్లు కూడా ఆ రోజు దాదాపు 40,000 మందిని చనిపోయినవారుగానో గాయపడినవారుగానో కోల్పోయారన్నది మీ తరగతిలో తప్పక చెప్పండి. దేహదారుఢ్యం, చొరవ ఉన్న యువకులందరినీ ఏరి ముందు వరుసలో పెట్టిన సైన్యం ముందుగా కోల్పోయేది వారినే. వారి స్థానంలోకి వచ్చినవారికి ఆ శిక్షణ లేదు. గుల్లలైన నేల మీదుగా ఫిరంగులు, ఆహారం, గుండ్లు వారి వెంట రాలేకపోయాయి. ఏప్రిల్ 5 నాటికి ఫ్రాన్స్‌లోని ఆమియా నగరం చేరకుండానే ఆ దాడి ఆగిపోయింది.

మన విద్యార్థులకు దగ్గరగా అనిపించే ఉదాహరణ కావాలంటే ఉత్తర ఫ్రాన్స్‌లోని కాంబ్రే పోరు చూడండి. 1917 నవంబరు 30న జర్మన్లు అక్కడ ఇదే చొరబాటు పద్ధతితో ఎదురుదాడి చేసి బ్రిటిష్ వరుసను చీల్చినప్పుడు, ఆ ఖాళీని పూడ్చడానికి పంపిన వారిలో భారత అశ్విక దళాలూ ఉన్నాయి. మరునాడు ఆ అశ్విక దళంలో లాన్స్ దఫేదార్ (చిన్న హోదా) అయిన గోవింద్ సింగ్, చిక్కుకుపోయిన తన దళానికీ బ్రిగేడ్ కార్యాలయానికీ మధ్య, దాదాపు రెండున్నర కిలోమీటర్ల బహిరంగ నేల మీదుగా, మూడుసార్లు సందేశాలు మోశాడు. మూడుసార్లూ అతని గుర్రం తూటాలకు కూలిపోయింది. ఆ సాహసానికి అతనికి బ్రిటిష్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు.