ప్రేమ పోయిన బాధను ఉన్నదున్నట్టు చూపించిన సినిమా ఏది? వైజాగ్ వాళ్లు చెప్పండి

మద్దిలపాలెం_కుర్రాడు:
ఆరేళ్ల ప్రేమ. సంక్రాంతికి ముందు ఆ అమ్మాయికి పెళ్లి కుదిరింది. గడ్డం పెంచి, తాగి, బండి మీద తిరిగే హీరోల్ని చూస్తే నాకేమీ అనిపించడం లేదు. నేను మర్నాడు ఆరింటి షిఫ్టుకి వెళ్లాను. క్యాంటీన్‌లో ఇడ్లీ కూడా తిన్నాను. ఎలా తినగలిగానా అని అదే ఎక్కువ బాధ. ఇలాంటిది ఏ సినిమాలోనైనా ఉందా?

భీమిలి_అక్క:
తమ్ముడూ, 'కేరాఫ్ కంచరపాలెం' (2018) చూడు. వెంకటేశ్ మహా తీశాడు. నటించిన వాళ్లలో చాలామంది అక్కడి వాళ్లే, అంతకుముందు కెమెరా ముందు నిలబడని వాళ్లు. భార్గవి జోసెఫ్‌ని వదులుకునే చోట నాకు ఊపిరాడలేదు. నాదీ అలాంటి కథే. మా ఇంట్లో ఎవరూ అరవలేదు, కొట్టలేదు. నాన్న రెండు రోజులు అన్నం కలిపి, ముద్ద ఎత్తకుండా కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయారు. మూడో రోజు నేనే ఎస్టీడీ బూత్‌కి వెళ్లి, నేను ప్రేమించిన అబ్బాయికి వద్దని చెప్పేశాను. ఇప్పుడక్కడ జిరాక్స్ షాపు ఉంది. సినిమా ఆఖరు మాత్రం చెప్పను, నువ్వే చూడాలి.

రైల్వే_క్వార్టర్స్:
'మజిలీ' (2019) కూడా మన ఊరి కథే. అందరూ పాత ప్రేమను మర్చిపోలేని హీరో పూర్ణ బాధ గురించే మాట్లాడతారు. నేను మాత్రం అతని భార్య శ్రావణి లాంటిదాన్ని. మా ఆయన ఫోన్‌లో ఒక పాత పాట మోగితే వంటింట్లో మిక్సీ వేసేసేదాన్ని. శ్రావణి ఓర్పును అంత గొప్పగా చూపడం నాకు నచ్చలేదు. నేను అడిగేశాను. తెల్లారేదాకా మాట్లాడుకున్నాం. అప్పుడు గానీ కాపురం మొదలవలేదు.

జగదాంబ_78:
'మరోచరిత్ర' (1978) వదిలేశారేంటి? బాలచందర్‌గారు ఇక్కడే, భీమిలి వైపు తీశారు. విషాదాంతం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ ఏడాదిపాటు దూరంగా ఉండాలని పెద్దలు పెట్టిన షరతు, ఆ ఎదురుచూపు నిజం. నేను ఉత్తరం కోసం పోస్ట్‌మ్యాన్ సైకిల్ బెల్లు విన్నవాణ్ణి.

మద్దిలపాలెం_కుర్రాడు:
నిన్న రాత్రి పెట్టాను అక్కా. జోసెఫ్ దగ్గర ఆపేశాను, మిగతాది ఆదివారం చూస్తా. మీ నాన్నగారు తర్వాత ఎప్పుడైనా ఆ మాట ఎత్తారా?

భీమిలి_అక్క:
ఒక్కసారే. మా పాప పుట్టాక, దాన్ని ఒళ్లో పెట్టుకుని, "ఆ అబ్బాయి బాగున్నాడామ్మా?" అన్నారు. బాగున్నాడు నాన్నా అన్నాను. నిజానికి నాకు తెలీదు.