కథేం లేని ‘బిఫోర్ సన్‌రైజ్’ను చివరిదాకా ఎందుకు చూశాను?

ప్రశ్న:
నిన్న రాత్రి ‘బిఫోర్ సన్‌రైజ్’ (1995) చూశాను. రైల్లో పరిచయమైన ఇద్దరు వియన్నాలో దిగి, తెల్లారేదాకా తిరుగుతూ మాట్లాడుకుంటారు. అంతే. విలన్ లేడు, ఇంట్లోవాళ్ల గొడవ లేదు. కాసేపు చూసి ఆపేద్దామనుకున్నవాణ్ణి లేవలేకపోయాను. ఏముందండీ ఇందులో? ఆ మాటలన్నీ వాళ్లు అప్పటికప్పుడు అన్నవేనా?

జవాబు 1:
నాకైతే ఎక్కలేదు. ఆ అబ్బాయి వాగుడు భరించడం కష్టం. ఊరు మాత్రం బాగుంది.

జవాబు 2:
అప్పటికప్పుడు అన్నవి కావండి. దర్శకుడు రిచర్డ్ లింక్‌లేటర్, కిమ్ క్రిజాన్‌తో కలిసి స్క్రిప్టు రాసుకుని, ఈథన్ హాక్, జూలీ డెల్పీలతో బాగా రిహార్సల్స్ చేయించి తీశాడు. రెండో భాగం ‘బిఫోర్ సన్‌సెట్’ (2004)కైతే ఆ ఇద్దరికీ రచయితలుగా పేరు పడింది, ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది.

నేను డబ్బింగ్ స్టూడియోలో పనిచేస్తాను, మాటలు వినడమే నా ఉద్యోగం. అయినా ఇందులో నాకు నచ్చేది మాట్లాడేవాళ్లు కాదు, వినేవాళ్లు. మన సినిమాల్లో ఎవరు డైలాగ్ చెబితే వాళ్ల మొహం మీదికి వెళ్తుంది కెమెరా. ఇక్కడ చాలాసేపు ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉంటారు. ట్రామ్ సీను చూడండి: ఆమె మొహం మీద పడ్డ జుట్టు సర్దబోయి, ఆమె ఇటు తిరిగేసరికి చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. రికార్డుల షాపులో ఇరుకు గదిలో పాట వింటూ ఒకరు చూస్తే ఇంకొకరు చూపు తిప్పుకుంటారు. అంత వాగుడు సినిమాలో, అక్కడ ఒక్క మాట లేదు!

కథేం లేదన్నారు గానీ, తెల్లారితే ఆమెకు పారిస్ రైలు, అతనికి విమానం. ఆ టెన్షన్ చాలదూ?

ప్రశ్న అడిగినవారు:
ట్రామ్ సీను మళ్లీ చూశాను. ఆ చెయ్యి మొదటిసారి నా కంటికి ఆననేలేదు! తెలుగులో ఇలాంటివి ఉన్నాయా?

జవాబు 2:
ఇంత మాటల మీదే నడిచేది గుర్తు రావడం లేదు. మాట సహజంగా వినిపించాలంటే ‘పెళ్ళిచూపులు’ (2016). సింక్ సౌండ్‌లో, అంటే షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేస్తూ తీశారు, మాటలకు తరుణ్ భాస్కర్‌కి జాతీయ అవార్డు వచ్చింది. సెట్లో వచ్చిన తడబాటు, నవ్వు, గొంతు సర్దుకోవడం అలాగే ఉంటాయి. మైకు ముందు నిలబడి పెదాలకు సరిపెట్టేటప్పుడు మేము మొదట పోగొట్టేవి అవే. నా పొట్ట నేనే కొట్టుకుంటున్నాననుకోండి.

జవాబు 3:
మూడోది ‘బిఫోర్ మిడ్‌నైట్’ (2013) మాత్రం మీ ఆవిడతో కలిసి చూడకండి. హోటల్ గదిలో వాళ్ల పోట్లాట ఎంతకీ తెగదు. మా ఇంట్లో అది సినిమా అయిపోయాక కూడా నడిచింది.