మాడ్-6 కౌంటర్‌లో 5 తర్వాత 0 బదులు ఒక్కోసారి 4 ఎందుకొస్తోంది?

ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాను. ల్యాబ్ కోసం 74ఎల్ఎస్76 జేకే ఫ్లిప్‌ఫ్లాప్‌లతో (ఒక్కోటి ఒక్క బిట్‌ను దాచుకుంటుంది) మాడ్-6 రిపుల్ కౌంటర్ కట్టాను, అంటే 0 నుంచి 5 దాకా లెక్కపెట్టి మళ్లీ 0కి వచ్చేది, ఒక ఫ్లిప్‌ఫ్లాప్ అవుట్‌పుటే తర్వాతిదానికి క్లాక్. జే, కే, ప్రీసెట్ అన్నీ హైకి కలిపాను. క్యూ1 (మధ్య బిట్), క్యూ2 (పై బిట్)లను 7400లోని ఒక నాండ్ గేటుకిచ్చి (రెండూ హై అయితేనే దాని అవుట్‌పుట్ లో అవుతుంది), దాని అవుట్‌పుట్‌తో మూడు ఫ్లిప్‌ఫ్లాప్‌లనూ క్లియర్ చేస్తున్నాను. అంటే 110 (బైనరీలో 6) రాగానే అన్నీ సున్నా అవ్వాలి. సిమ్యులేషన్‌లో బుద్ధిగా తిరుగుతోంది. బ్రెడ్‌బోర్డు మీద మాత్రం 5 తర్వాత అప్పుడప్పుడు 4కి పోతోంది.

క్లాక్ ఫంక్షన్ జనరేటర్ నుంచే ఇస్తున్నాను కాబట్టి స్విచ్ బౌన్స్ (ఒక్క నొక్కుకే చాలా పల్సులు రావడం) కాదు. పవర్ పిన్లు (ఈ ఐసీకి మూలల్లో ఉండవు, విసిసి 5, గ్రౌండ్ 13, ఎవరికి తట్టిందో ఈ ఆలోచన!) మళ్లీ చూశాను. ప్రతి ఐసీ పక్కన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంది.

నా అనుమానం: క్యూ1 ముందే క్లియరైతే నాండ్ అవుట్‌పుట్ వెంటనే హై అయిపోతుంది. అప్పటికి క్యూ2 క్లియర్ కాకపోతే 100 (అంటే 4) దగ్గరే ఉండిపోదా? క్యూ2 రెండో ఐసీలో ఉంది. కొన్ని నానోసెకన్ల తేడాకే ఇలా జరుగుతుందా?

మిగిలిన నాండ్ గేట్లతో ఎస్ఆర్ లాచ్ (సెట్ చేస్తే రీసెట్ చేసేదాకా అలాగే పట్టి ఉంచే సర్క్యూట్) కట్టి, రీసెట్ పల్స్‌ను కాసేపు పట్టి ఉంచమని ఒక సీనియర్ అన్నాడు. మరి ఆ లాచ్‌ను వదిలించడానికి క్లాక్‌ను నేరుగా ఇవ్వాలా, ఇన్వర్ట్ చేసి ఇవ్వాలా? సింక్రనస్‌గా మార్చేయమని మాత్రం అనకండి, ప్రయోగంలో రిపుల్ అనే అడిగారు. అంత చిన్న పల్స్‌ను ఆసిలోస్కోప్‌లో పట్టుకోవాలంటే ట్రిగ్గర్ దేనిమీద పెట్టాలో కూడా చెప్తారా?