సీ ఇన్విజిబిలిటీ వేశాక కూడా డిసడ్వాంటేజేనా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో (పాచికలు వేస్తూ కథలా ఆడే గేమ్) ఒక్క రూల్ దగ్గర మా టేబుల్ రెండు వర్గాలైపోయింది. మేం వాడేది 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అనే రూల్స్ పుస్తకం. నా పాత్ర ఐదో లెవెల్ విజార్డ్, అంటే మంత్రగాడు. శనివారం ఆటలో ఇన్విజిబుల్ స్టాకర్ అనే కంటికి కనపడని ప్రాణి మా మీద పడింది. నాకున్న మూడు రెండో లెవెల్ స్లాట్లలో (స్పెల్ వేసే అవకాశాల్లో) ఒకటి ఖర్చుపెట్టి, కనపడనివాటిని చూపించే సీ ఇన్విజిబిలిటీ స్పెల్ వేశాను. తర్వాతి టర్న్‌లో ఫైర్ బోల్ట్ (నిప్పు విసిరే స్పెల్) కొట్టబోతే డీఎం, అంటే ఆట నడిపించేవాడు, "నీకు డిసడ్వాంటేజ్, డీ20 (ఇరవై ముఖాల పాచిక) రెండుసార్లు వేసి తక్కువది తీసుకో" అన్నాడు. నాకు కనిపిస్తోంది కదా అంటే, "కనిపిస్తోంది, కానీ అది ఇన్విజిబులే కదా" అంటాడు. పుస్తకంలో అలాగే ఉందట. మరి ఆ స్పెల్ దేనికి, ఉప్మాలో వేసుకోవడానికా?

జవాబు:
మీ డీఎం అక్షరం తప్పలేదు, చిరాకంతా అక్కడే ఉంది. 2014 పుస్తకంలో ఇన్విజిబుల్ కండిషన్ (కనపడని స్థితి) కింద రెండు పాయింట్లున్నాయి. మ్యాజిక్‌తోనో ప్రత్యేకమైన ఇంద్రియంతోనో తప్ప ఆ ప్రాణి కనపడదు అని మొదటిది. దాని మీద చేసే అటాక్‌కు డిసడ్వాంటేజ్, అది చేసే అటాక్‌కు అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి ఎక్కువది తీసుకోవడం) అని రెండోది. ఈ రెండో పాయింట్‌లో "చూడలేనివాళ్లకు మాత్రమే" అన్న మాట లేదు. మీ స్పెల్ మీ కళ్లను మార్చింది కానీ దాని కండిషన్‌ను తీసేయలేదు. ఫెయిరీ ఫైర్ చదివి చూడండి. అది మొదటి లెవెల్ స్పెల్, అయినా అందులో "ఇన్విజిబుల్‌గా ఉన్న లాభం పొందలేదు" అని విడిగా రాశారు. రాయాలనుకున్న చోట రాశారన్నమాట.

ఇంకొకరు:
నేను ఒప్పుకోను అన్నా. సీ ఇన్విజిబిలిటీలో "కనిపించే వాటిని చూసినట్టే చూస్తావు" అని ఉంది. కనిపించే దాన్ని కొట్టడానికి డిసడ్వాంటేజ్ ఎందుకుంటుంది? మీ లెక్కన ఆరో లెవెల్ ట్రూ సీయింగ్ వేసి, 25 గోల్డ్ పెట్టి లేపనం కొని కళ్లకు రాసుకున్నవాడికి కూడా అదే గతి. స్పెల్ ఏ పని కోసం పుట్టిందో ఆ పని చేయకుండా అడ్డుపడే అర్థం పుస్తకంలో దొరికినా నేనైతే పక్కన పెడతాను. 2024 పుస్తకంలో ఆ పాయింట్ చివర ఒక వాక్యం చేర్చారు: ఎవరైనా నిన్ను ఎలాగోలా చూడగలిగితే వాళ్ల విషయంలో నీకు ఈ లాభం ఉండదు. పాత మాటలో లోపం ఉందనేగా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
లోపం ఉందనే నేనూ అంటున్నాను తమ్ముడూ. నా టేబుల్ దగ్గర 2024 వాక్యమే నడుస్తుంది, పాత పుస్తకంతో ఆడినా సరే. కాకపోతే "రాసి ఉన్నది ఇదీ", "నేను ఆడించేది ఇదీ" అని విడివిడిగా చెప్పాలి. అవి రెండూ కలిపేస్తేనే గొడవలు.

అడిగినవారు:
సరే, డీఎం దిగిరాడనుకోండి. నష్టం ఎంత?

మొదటి జవాబు ఇచ్చినవారు:
మీ ఇంటెలిజెన్స్ 18 అయితే స్పెల్ అటాక్‌లో పాచిక మీద పడినదానికి +7 కలుస్తుంది. స్టాకర్ ఏసీ, అంటే దెబ్బ తగలాలంటే చేరాల్సిన అంకె, 14. మామూలుగా 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే చాలు, అంటే నూటికి 70. డిసడ్వాంటేజ్‌తో అది 49కి పడిపోతుంది. అటునుంచి దాని అటాక్ +6. మీ ఏసీ 15 అనుకుంటే అది మీకు తగిలే అవకాశం నూటికి 60 కాస్తా 84 అవుతుంది. అసలు దెబ్బ ఇదే, విజార్డ్‌కు ఉండే హిట్ పాయింట్లే (ప్రాణబలం) కొన్ని.

కానీ స్లాట్ వృథా అయిందని మాత్రం అనుకోకండి. "నువ్వు చూడగలిగే ప్రాణి" అని అడిగే స్పెల్స్ అన్నీ ఇప్పుడు దాని మీద పనిచేస్తాయి. మ్యాజిక్ మిసైల్ వేయండి. దానికి అటాక్ రోలే లేదు కాబట్టి డిసడ్వాంటేజ్ ఊసే రాదు. మూడు బాణాలూ తగులుతాయి, ఒక్కో దెబ్బ 1డీ4+1, అంటే నాలుగు ముఖాల పాచిక మీద పడినదానికి ఒకటి కలిపి. అది మీ పక్కనుంచి జారుకుంటుంటే ఆపర్చునిటీ అటాక్ కూడా చేయొచ్చు, దానికి కావాల్సింది కూడా కనపడడమే. సీ ఇన్విజిబిలిటీ గంటసేపు ఉంటుంది, కాన్‌సెంట్రేషన్ (స్పెల్ నిలబడడానికి దాని మీదే ధ్యాస పెట్టడం) అక్కర్లేదు. ఒక్కటే లోటు, మీకు తప్ప మీ పార్టీలో ఇంకెవరికీ కనపడదు. ఏ గడిలో ఉందో మీరే అరిచి చెప్పాలి.

ఇంకొకరు:
డీఎంతో ఫైట్ మధ్యలో మాత్రం వాదించకండి. ఆ రోజుకు ఆయన మాటే కానిచ్చి, తర్వాత గ్రూప్‌లో ఒక్క ప్రశ్న అడగండి: "రేపు మన వైపు ఎవరైనా గ్రేటర్ ఇన్విజిబిలిటీ వేసుకుంటే, వాళ్లను చూడగలిగే శత్రువుకు కూడా ఇదే రూలా?" అవునంటే ఆయన రెండు వైపులా ఒకేలా ఆడిస్తున్నట్టు, ఆ రూల్ మీకూ పనికొస్తుంది. కాదంటే అప్పుడు అడగండి.

అడిగినవారు:
అడిగాను. అరగంట "టైపింగ్" అని చూపించి, చివరికి "2024 వాక్యం తీసుకుందాం, కానీ శనివారం జరిగింది జరిగినట్టే" అని పెట్టాడు. మా పార్టీలోని రోగ్ (దొంగ) పాత్ర ఆ ఫైట్‌లోనే పోయింది. దాన్ని ఆడినవాడింకా గ్రూప్‌లో ఏమీ మాట్లాడలేదు.