ప్రిచర్డ్‌ని స్టార్టింగ్ ఫైవ్‌లోకి తేవాలా, బెంచ్ మీదే ఉంచాలా? (2025 వేసవి నాటి చర్చ)

పచ్చజెర్సీ:
NBA బాస్కెట్‌బాల్‌లో బోస్టన్ సెల్టిక్స్‌ని ఫాలో అయ్యేవాళ్లకి ప్రశ్న. జ్రూ హాలిడే పోర్ట్‌లాండ్ వెళ్లిపోయాడు, పోర్జింగిస్ అట్లాంటాకి. 2025 మే 12న ప్లేఆఫ్స్‌లో న్యూయార్క్‌తో నాలుగో మ్యాచ్‌లో మన స్టార్ టేటమ్‌కి మడమ వెనక ఉండే స్నాయువు (అకిలిస్) తెగింది, కాబట్టి 2025-26 సీజన్ మొదలయ్యేటప్పటికి అతనుండడు. ఇంకోపక్క పేటన్ ప్రిచర్డ్ 2024-25లో 80 మ్యాచ్‌లు ఆడి, మూడింట్లోనే మొదటి ఐదుగురిలో (స్టార్టర్‌గా) దిగి, సగటున 14.3 పాయింట్లు కొట్టి సిక్స్త్ మ్యాన్ అవార్డు (బెంచ్ నుంచి వచ్చేవాళ్లలో బెస్ట్‌కి ఇచ్చేది) పట్టుకెళ్లాడు. బెంచ్ నుంచి వచ్చి ఒకే సీజన్‌లో 246 త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేయడం లీగ్ రికార్డు. ఇంతకుముందు వేన్ ఎల్లింగ్‌టన్ పేరు మీద 218 ఉండేది. ఇలాంటోణ్ణి ఇంకా బెంచ్ మీద కూర్చోబెట్టడంలో అర్థముందా? లేక అక్కడ ఉన్నాడు కాబట్టే ఇంత బాగా ఆడుతున్నాడా?

స్టాట్‌షీట్:
ముందు ఒక లెక్క చూడండి. అతను ఇప్పటికే మ్యాచ్‌కి 28.4 నిమిషాలు ఆడుతున్నాడు. స్టార్టర్ అంటే మహా అయితే 33, 34. మనం ఇంత గొడవ పడుతున్నది ఐదారు నిమిషాల గురించి! 14.3ని 28.4తో భాగించి 36తో గుణిస్తే, అంటే 36 నిమిషాలకి లెక్కేస్తే, 18.1 వస్తుంది. ఆ అంకె పట్టుకుని ‘18 పాయింట్ల స్టార్టర్’ అని పోస్టర్లు వేస్తున్నారు. అది తప్పుదారి పట్టించే అంకె. ఎందుకంటే ఆ 28 నిమిషాల్లో చాలావరకు అవతలివాళ్ల రెండో గార్డు (బయట నుంచి బాల్ నడిపే ఆటగాడు) ఎదురుగా ఆడాడు. అదనంగా వచ్చే నిమిషాలన్నీ మొదటి డిఫెండర్ మీద ఆడాల్సినవి.

నిజంగా తేల్చుకోవాలంటే రెండు చూడాలి. ఒకటి ట్రూ షూటింగ్, అంటే షాట్లని ఎంత బాగా పాయింట్లుగా మారుస్తున్నాడో చెప్పే లెక్క. ఫీల్డ్ గోల్ ప్రయత్నాలకి ఫ్రీ త్రోల ప్రయత్నాల్లో 0.44 వంతు కలిపి, దాన్ని రెట్టింపు చేసి, దాంతో మొత్తం పాయింట్లని భాగించాలి. ఇది అతను ఉన్న అన్ని నిమిషాలకీ కాదు, సహచరుడు జేలెన్ బ్రౌన్ కోర్టులో ఉన్నప్పుడు వేరుగా, లేనప్పుడు వేరుగా తీయండి. రెండోది, అతని త్రీల్లో క్యాచ్ పట్టి వేసినవెన్ని, డ్రిబుల్ చేసి వేసినవెన్ని. మొత్తం మీద 40.7 శాతం అంటే అద్భుతమే. కానీ స్టార్టర్ అయితే డ్రిబుల్ త్రీల వాటా పెరుగుతుంది, అవి ఎవరికైనా తక్కువ శాతంలోనే పడతాయి.

లైనప్ నెట్ రేటింగ్ (ఆ ఐదుగురు ఉన్నప్పుడు 100 పొజెషన్లకి జట్టు ఎన్ని పాయింట్లు ఎక్కువ కొట్టిందన్న లెక్క) స్క్రీన్‌షాట్లు మాత్రం దయచేసి పెట్టకండి. 100 నిమిషాలు కలిసి ఆడిన ఐదుగురంటే సుమారు 200 పొజెషన్లు (బాల్ చేతికొచ్చిన వంతులు). అందులో అదృష్టం కొద్దీ నాలుగు త్రీలు ఎక్కువ పడితే 12 పాయింట్లు, అంటే 100 పొజెషన్లకి ఆరు. మంచి జట్టుకీ మామూలు జట్టుకీ ఉండే తేడా అంతే.

హాఫ్‌కోర్ట్:
అటాక్ సంగతి వదిలేయండి అన్నా, అసలు తలనొప్పి రెండో వైపు, డిఫెన్స్‌లో. ప్రిచర్డ్ 6 అడుగుల 1 అంగుళం. వెడల్పుగా, బలంగా ఉంటాడు. బాల్ పట్టుకున్న గార్డుని ఛాతీతో ఆపగలడు, పోస్టులో (బాస్కెట్ దగ్గర) తోసినా అంత తేలిగ్గా కదలడు. పొడవాటి వింగ్ (పక్కల నుంచి ఆడే ఆటగాడు) అతని తల మీదుగా షాట్ వేస్తేనే చేయగలిగిందేమీ లేదు.

స్టార్టింగ్ ఫైవ్‌లో ఉంటే మన డెరిక్ వైట్ అవతలి జట్టు బెస్ట్ గార్డుని తీసుకుంటాడు, బ్రౌన్ బెస్ట్ వింగ్‌ని. ప్రిచర్డ్‌ని మూలలో నిలబడే షూటర్ మీద దాస్తారు. అవతలి కోచ్ ఏం చేస్తాడు? ఆ షూటర్నే పైకి పిలిచి వాళ్ల స్టార్‌కి స్క్రీన్ (డిఫెండర్‌కి అడ్డుగా నిలబడటం) పెట్టిస్తాడు. వైట్, ప్రిచర్డ్ తాము కాసే మనుషుల్ని మార్చుకుంటే స్టార్ ముందు ప్రిచర్డ్ ఒంటరిగా మిగులుతాడు. లేదంటే మార్చుకోకుండా, ప్రిచర్డ్ రెండు అడుగులు ముందుకొచ్చి దారి మూసి, వైట్ స్క్రీన్ దాటి రాగానే వెనక్కి పరిగెత్తాలి. అతను బాగా చేసేది ఈ పనే. ఇక్కడ తేడా కొట్టేది అతని వల్ల కాదు, వెనక ఉన్నవాళ్ల వల్ల. స్క్రీన్ పెట్టినవాడు ఆగకుండా లోపలికి జారిపోతే ఫ్రీ త్రో లైన్ దగ్గర బాల్ అందుకుంటాడు, నాలుగు మీద మూడు. అప్పుడు రిమ్ (బాస్కెట్ రింగు) కింద ఉండే మనిషి ఒక్క అడుగు ముందుగా కదలాలి, ఎదుటి మూలలోని షూటర్ని ఇంకొకడు కాయాలి. నిరుడు ఆ రిమ్ కింద పోర్జింగిస్ ఉండేవాడు, మూలలు హాలిడే చూసుకునేవాడు. ఇప్పుడు కెటా, హౌజర్. తప్పు వాళ్లది అయినా వీడియోలో కనబడేది ప్రిచర్డే.

రెగ్యులర్ సీజన్‌లో ప్రతి రాత్రీ ఎవరూ ఇంత వేట ఆడరు, అంత తీరిక ఉండదు. కాబట్టి 82 మ్యాచ్‌లకి నిశ్చింతగా స్టార్ట్ చేయించొచ్చు. ప్లేఆఫ్స్‌లో ఏడు మ్యాచ్‌ల సిరీస్ వచ్చేసరికి కథ మారుతుంది.

పచ్చజెర్సీ:
మరి సైమన్స్ మాటేంటి? హాలిడేకి బదులు వచ్చింది అతనేగా. పోర్ట్‌లాండ్‌లో 19.3 సగటు, స్టార్టర్. జీతం కూడా 27 మిలియన్ డాలర్ల పైనే. ప్రిచర్డ్‌ది నాలుగేళ్లకి కలిపి 30 మిలియన్. అంత జీతం తీసుకునేవాణ్ణి బెంచ్ మీద కూర్చోబెడతారా?

హాఫ్‌కోర్ట్:
కూర్చోబెట్టాలి. వైట్, ప్రిచర్డ్, సైమన్స్ ముగ్గురినీ కలిపి మొదలుపెడితే పైన చెప్పిన వేటకి ఒకడు కాదు, ఇద్దరు దొరుకుతారు, దాచడానికి మూల ఒక్కటే. సైమన్స్ డిఫెన్స్ ప్రిచర్డ్ కంటే బలహీనం. పైగా అతనికి బాల్ చేతిలో ఉండాలి. ప్రిచర్డ్ బాల్ లేకుండా కూడా పనికొస్తాడు: కట్ చేస్తాడు, తన ఎత్తుకి నమ్మలేనన్ని అఫెన్సివ్ రీబౌండ్లు (మనవాళ్లు మిస్సైన షాట్ల బాల్‌ని తిరిగి పట్టడం) లాగుతాడు. జీతం చూసి ఐదుగురిని పెట్టే కోచ్ కాదు మజూలా.

బెంచ్‌బాబాయ్:
ఈ సిక్స్త్ మ్యాన్ పద్ధతిని మొదలుపెట్టిందే సెల్టిక్స్ పాత కోచ్ రెడ్ ఆవర్‌బాక్, ఫ్రాంక్ రామ్‌సేతో. ఆ తర్వాత హావ్లిచెక్. కాబట్టి బోస్టన్‌లో బెంచ్ మీద కూర్చోవడం చిన్నతనం కాదు. కెవిన్ మెక్‌హేల్‌నే చూడండి. 1984లో, 1985లో వరసగా ఈ అవార్డు గెలిచాడు. 1985 ఫిబ్రవరిలో సెడ్రిక్ మాక్స్‌వెల్ మోకాలు దెబ్బతింటే స్టార్టర్ అయ్యాడు, మార్చి 3న డెట్రాయిట్ మీద 56 కొట్టాడు. ఇక వెనక్కి వెళ్లలేదు. మాక్స్‌వెల్‌ని పంపించేసి బిల్ వాల్టన్‌ని తెచ్చి ఆ ఆరో స్థానం నింపారు, 1986లో అవార్డు వాల్టన్‌ది. మెక్‌హేల్‌ని పైకి తెచ్చినందుకు కాదు, కింద ఖాళీని అంత బాగా పూడ్చినందుకు అది పనిచేసింది.

జేమ్స్ హార్డెన్‌ది ఇంకో దారి. 2012లో ఓక్లహోమాలో సిక్స్త్ మ్యాన్, అదే అక్టోబర్‌లో హ్యూస్టన్‌కి, మొదటి మ్యాచ్‌లోనే 37. కానీ ప్రిచర్డ్ హార్డెన్ కాదు, ఆ పోలిక తెచ్చేవాళ్లు దయచేసి ఆగండి. ఇతను క్రికెట్‌లో ఫినిషర్ లాంటివాడు. ఓపెనింగ్‌కి పంపితే మంచి ఆరంభమే ఇస్తాడు, చివరి ఓవర్లలో ఎవరున్నారన్నదే ప్రశ్న.

ఆ చివరి ఓవర్లంటే నిజంగానే ఉన్నాయి. 2024 ఫైనల్స్ రెండో మ్యాచ్‌లో మూడో క్వార్టర్ ఆఖరి క్షణంలో బోర్డుకి కొట్టి వేశాడు, ఐదో మ్యాచ్‌లో హాఫ్‌టైమ్ గంట మోగుతుండగా సగం కోర్టు నుంచి వేశాడు. రెండుసార్లూ ఆ ఒక్క పొజెషన్ కోసమే లోపలికి పంపారు. అలసిపోయిన స్టార్టర్‌కి అక్కడ అంత పరుగు ఉండదు.

స్టాట్‌షీట్:
బాబాయ్ చెప్పిన ఖాళీ మీద నిమిషాలు పంచి చూపిస్తా. మొదటి క్వార్టర్ మొదట్నుంచి గడియారం (12:00 నుంచి తగ్గుతూ) 5:30 దగ్గరకి వచ్చేదాకా ఆడించండి, 6.5 నిమిషాలు. దింపి, 2:00 దగ్గర మళ్లీ పంపండి. దాంతో క్వార్టర్ ముగింపు అతనిదే: 35 సెకన్ల దగ్గర ఒక షాట్ వేసేస్తే అవతలివాళ్లకి ఒక పొజెషన్, మనకి చివర్లో ఇంకోటి. అలాగే కొనసాగిస్తూ రెండో క్వార్టర్‌లో 8:00 వరకు బెంచ్ యూనిట్‌ని సైమన్స్‌తో కలిసి నడపనివ్వండి. నాలుగు నిమిషాలు విశ్రాంతి, 4:00 నుంచి హాఫ్‌టైమ్ దాకా మళ్లీ. సగానికి 16.5, మ్యాచ్‌కి 33. స్టార్టరూ అయ్యాడు, బెంచ్ పనీ పోలేదు. బ్రౌన్ దిగిన ప్రతిసారీ ప్రిచర్డో వైటో కోర్టులో ఉండేలా చూసుకుంటే చాలు.

చివరి ఐదు నిమిషాలు మాత్రం ముందే రాసిపెట్టొద్దు. ఎదుటి జట్టులో బ్రన్సన్ లాంటి గార్డుంటే ఉంచండి. ఇద్దరు పొడవాటి వింగ్‌లు ఉంటే ప్రతి డెడ్ బాల్‌కీ (ఆట ఆగినప్పుడల్లా) మార్చండి, అటాక్‌కి ప్రిచర్డ్, డిఫెన్స్‌కి ఇంకొకడు. దానికి రెండు టైమ్ అవుట్లు మిగిల్చుకోవాలి.

పచ్చజెర్సీ:
ఇది నచ్చింది. అంటే మొదటి పది మ్యాచ్‌ల్లో పాయింట్లు కాకుండా, ప్రిచర్డ్ కాస్తున్న మనిషి చేత ఎన్నిసార్లు స్క్రీన్ పెట్టించారో లెక్క రాసుకోవాలన్నమాట.

హాఫ్‌కోర్ట్:
అవును, దాంతో పాటు ఎవరు మారారు, రిమ్ కింద ఎవరున్నారు అనేది కూడా పక్కన రాయండి.